సీసపు రేకుల మీది పేర్లు

ఇంగ్లండు దేశములో నర్సుగా పనిచేయుచున్న మా కుమార్తెయు, అల్లుడును క్రిందటి వేసవిలో మమ్మును పిలిపించుకొని, వారికి రెండు దినములు సెలవు దొరకగా బాత్ అను పట్టణమునకు తీసికొనిపోయిరి. లండనునుండి పడమటికి రైలులో సుమారు గంటన్నర ప్రయాణము. ఆ పేరునకే స్నానమని అర్థము. భూమిలోనుండి ఉబుకు వేడినీటి ఊటలకును, ఇంచుమించు రెండువేల యేండ్ల నాడు రోమీయులు అక్కడ కట్టిన స్నానశాలకును ఆ ఊరు ప్రసిద్ధి. తిరిగి వచ్చినది మొదలు సంఘములో పలువురు, "అయ్యగారూ, అక్కడ ఏం చూశారు?" అని అడుగుచున్నారు. నీళ్లను చూచితిమి, రాళ్లను చూచితిమి అని చెప్పి ఊరకుంటిమి. గాని మా మనస్సును పట్టుకొన్నవి నీళ్లును కావు, రాళ్లును కావు. అరచేతిలో ఇమిడిపోవు సీసపు రేకులు. వాటినిగూర్చి వ్రాయుటకు ఇన్ని నెలలు వెనుకాడితిమి. ఎందుకు వెనుకాడితిమో చదువుచుండగా మీకే తెలియును.

ముందు నీళ్ల సంగతి. ఆ చుట్టుప్రక్కల మెండిప్ అను కొండలున్నవి. వాటిమీద ఎంతో కాలము క్రిందట కురిసిన వాన సున్నపురాతి నెరియలలోనుండి మైలున్నరకు పైబడిన లోతునకు దిగి, అక్కడి వేడికి కాగి, వేరొక పగులు దొరకగా ఈ పట్టణములో పైకి వచ్చుచున్నది. పైకి వచ్చునప్పటికి దాని వేడి 46 డిగ్రీలు. ముఖ్యమైన ఊట ఒక్కటే దినమునకు 11 లక్షల 70 వేల లీటర్ల నీరు ఇచ్చుచున్నదట. భద్రాచలము దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్విన వేడినీరు ఊరుట మనలో కొందరు చూచియుందురు. అట్టిదే, అయితే ఇది ఎన్నడును ఆగని ధార.

ఆ దేశమును పట్టుకొన్న రోమీయులు క్రీ.శ. 60, 70 ప్రాంతములలో అక్కడ కట్టడములు మొదలుపెట్టిరి. ఆ చోటి జనులు ఊటను సూలిస్ అను దేవతదిగా ఎంచుచుండిరి. రోమీయులు ఆమెను తమ మినర్వాతో కలిపి, ఊట ప్రక్కనే గుడి కట్టి, గుడి ప్రక్కనే స్నానశాల కట్టిరి. పెద్ద కొలను అడుగున 45 సీసపు పలకలు పరచిరి. ఆ సీసము నేటికిని నీరు నిలుపుచున్నది. పైకప్పు ఏనాడో కూలిపోయినందున ఎండ తగిలి పాచి పెరిగి, నీరు ఆకుపచ్చగా నున్నది. అందులో దిగనియ్యరు. ఆ ఊట నీటిలో ఈదిన ఒక బాలిక నీటిలోని సూక్ష్మజీవివలన జబ్బుపడి మరణించినందున 1978లో ఆ నీటి స్నానములు ఆపివేసిరి. శుద్ధిచేసిన నీటిని మాత్రము త్రాగుటకు ఇచ్చుచున్నారు. ఒక గ్లాసు త్రాగితిమి. తుప్పు పట్టిన చేదతో తోడిన గోరువెచ్చని నీరు ఎట్లుండునో అట్లున్నది. రోగములు పోవునని పూర్వము రాజులును ప్రభువులును వచ్చి త్రాగిరట. మాకైతే రెండవ గ్లాసు అక్కరలేకపోయెను.

స్నానము చేయగోరువారికి 2006లో తెరచిన క్రొత్త స్నానశాల దగ్గరలోనే యున్నది. అల్లుడు బలవంతపెట్టగా అందులో దిగితిమి. ఈ వయస్సులో ఈతదుస్తులు వేసికొని పదిమందిలో నిలుచుట మా సంఘస్థులు చూడకపోవుట మేలాయెను. నీళ్లు ఒంటికి హితముగానే యున్నవి. అయితే దాచక చెప్పవలెనంటే, నీళ్లలో నున్నంతసేపును మా మనస్సు నీళ్లలో లేదు. బట్టలు, పాస్‌పోర్టు, చేతి గడియారము ఒక చిన్న బీరువాలో పెట్టి, దానిని తెరచు పట్టీని మణికట్టునకు కట్టుకొంటిమి. ఆ పట్టీ ఉన్నదా జారిపోయెనా అని పదిమారులు తడవి చూచుకొంటిమి. మా ఇల్లాలు నవ్వి, "స్నానానికి వచ్చారా, కాపలాకు వచ్చారా?" అని అడిగెను.

ఆ మాట ప్రదర్శనశాలలో ఆ రేకుల ముందు నిలిచినప్పుడు మరల జ్ఞాపకము వచ్చెను. ఎందుకనగా ఆ రేకులు స్నానమునకు వచ్చి బట్టలు పోగొట్టుకొన్నవారివే.

1979, 1980 సంవత్సరములలో బారీ కన్‌లిఫ్ అను పండితుని ఆధ్వర్యమున ఆ ఊట అడుగున త్రవ్వగా 12 వేలకు పైగా రోమా నాణెములును, వాటితోకూడ సుమారు 130 సీసపు, తగరపు రేకులును దొరికెను. రేకులు చాలమట్టుకు చుట్టియో మడిచియో యుండెను. విప్పి చూడగా సన్నని మొనతో గీసిన లాటిను అక్షరములు. రోజర్ టామ్లిన్ అను పండితుడు ఓపికతో వాటిని చదివి 1988లో ప్రకటించెను. క్రీస్తు శకము రెండవ శతాబ్దమునుండి నాలుగవ శతాబ్దమువరకు సామాన్య జనులు సూలిస్ దేవతకు వ్రాసికొన్న ఫిర్యాదులవి. ఎక్కువభాగము దొంగతనములను గూర్చినవే. ఒకరి చేతితొడుగులు రెండు పోయినవి. సోలినస్ అనువాని స్నానపు అంగీయు, పైవస్త్రమును పోయినవి. ఒకని నాగటి కర్రు పోయినది. ఆ మాట విన్నప్పుడు రైతు బాధ ఏ దేశమందైనను ఒక్కటే గదా అనుకొంటిమి. డోకిలియానస్ అనువాడు తలముసుగుగల తన పై అంగీని పోగొట్టుకొని, దానిని ఎత్తుకొనిపోయినది మగవాడైనను ఆడుదైనను, బానిసయైనను స్వతంత్రుడైనను, దానిని గుడికి తెచ్చి అప్పగించువరకు వానికి నిద్రయు సంతానమును లేకుండ చేయుమనియు, వానిమీదికి మరణము రప్పించుమనియు దేవతను కోరుచున్నాడు. చేతితొడుగులు పోగొట్టుకొన్నవాడు దొంగకు మతియు కన్నులును పోవలెనని కోరుచున్నాడు. చేతితొడుగులకు కన్నులు!

మా ప్రక్కన నిలిచిన యాత్రికులు నవ్విరి. మాకును నవ్వు వచ్చెను. గాని తరువాత ఆలోచించితిమి. నవ్వవలసినది ఏమున్నది? ఆ దేశపు చలి మేము వేసవిలోనే చూచితిమి. అక్కడ ఒక అంగీ అనగా మన పశువుల కాపరికి గొంగడి వంటిది. పోయిన రాత్రియే దాని విలువ తెలియును. నిర్గమకాండము 22వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఇచ్చిన కట్టడ జ్ఞాపకము చేసికొనుడి. బీదవాని వస్త్రమును తాకట్టు పట్టినయెడల ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇచ్చివేయవలెను. వాడు కప్పుకొనుటకు వేరొకటి లేదు. వాడు మొరపెట్టినయెడల తాను ఆలకింతునని దేవుడే చెప్పెను. పరలోకమందలి దేవుడు ఒక దుప్పటిని గూర్చిన మొరను వినువాడైతే, దుప్పటికొరకు మొరపెట్టువానిని చూచి మనము నవ్వుట తగదు.

మన గ్రామములలోను ఇంతే గదా. కోడి పోయినా, చెంబు పోయినా, వీధిలో నిలిచి దుమ్మెత్తి పోసి శాపనార్థములు పెట్టుట మనము ఎరుగనిది కాదు. అంజనము వేయించుదురు. మంత్రించిన బియ్యము నమలుమందురు. నోరు ఎండినవాడు దొంగ అందురు. పోలీసు ఠాణాకు పోవుటకు ధైర్యము లేనివాడు, పోయినను ఎవరును వినరని ఎరిగినవాడు మరి ఎవరితో చెప్పుకొనును? ఆ రేకులు వ్రాసినవారును అట్టివారే. గొప్పవారికి న్యాయాధిపతులుండిరి, వీరికి ఒక ఊట యుండెను. కాబట్టి వారి విగ్రహారాధనను గూర్చి ఇక్కడ ప్రసంగము చేయము. అది వేరు సంగతి. అన్యాయమునకు లోనైనవాడు పైకి చూచి ఏడ్చుట తప్పు కాదు. 109వ కీర్తన వంటి కీర్తనలు మన పరిశుద్ధ గ్రంథములోనే యున్నవి. వాటిని ఆరాధనలో చదువుటకు మనము జంకుదుము గాని, వాటిని చింపివేయలేదు.

మమ్మును నిలువరించినది మరియొక రేకు. ప్రదర్శనశాలలో ఒక పుస్తకము కొని, బయట పెద్ద దేవాలయము ఎదుటనున్న బెంచీమీద కూర్చుంటిమి. 1499లో మొదలుపెట్టి కట్టిన ఆ దేవాలయపు ముఖభాగమున యాకోబు కలలోని నిచ్చెన చెక్కబడి, రాతి దేవదూతలు ఎక్కుచు దిగుచు నున్నారు. మా కుమార్తె పుస్తకము తెరచి చదువుచు మాకు అర్థము చెప్పుచుండెను. అన్నియానస్ అనువాడు నాలుగవ శతాబ్దములో వ్రాసినది. వాని సంచిలోనుండి ఆరు వెండి నాణెములు ఎవరో దొంగిలించిరి. వాడును అందరివలెనే జాబితా చెప్పుచున్నాడు: పురుషుడో స్త్రీయో, బాలుడో బాలికయో, బానిసయో స్వతంత్రుడో. అయితే అన్నిటికంటె ముందు ఒక మాట చేర్చెను. అన్యుడో, క్రైస్తవుడో.

మా కుమార్తె చదువుట ఆపి, "నాన్నగారూ, మన పేరు దొంగల పట్టీలో వచ్చింది" అనెను.

నవ్వులాటకే అనెను గాని మాకు గ్రుచ్చుకొనెను. ఆ ఊరిలో మనవారిని గూర్చిన గురుతులలో మిక్కిలి పాతది ఇదియే కావచ్చును. సువార్త చెప్పిరని కాదు, హతసాక్షులైరని కాదు. దొంగ వారిలోనివాడు కూడ కావచ్చునని ఒక పొరుగువాడు అనుకొనెను. తరువాత మాకు వేరొకటి తోచెను. ఈ మాటల వరుస ఎక్కడనో వినియున్నామే! పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయము చివర జాతి భేదమును, బానిస స్వతంత్రుల భేదమును, ఆడ మగ భేదమును ఒకదాని తరువాత ఒకటి తుడిచివేసి, క్రీస్తునందు అందరును ఒక్కటే అని చెప్పెను గదా. రేకులో ఉన్నదియు ఇంచుమించు ఆ జాబితాయే. పౌలు ఎవడును బయట మిగలకుండునట్లు అందరిని లెక్కించెను. అన్నియానస్ ఎవడును తప్పించుకొనకుండునట్లు అందరిని లెక్కించెను.

ఆ రేకునకు వెనుకప్రక్క 18 పేర్లున్నవి. వాడు అనుమానించినవారి పేర్లని పండితులు తలంచుచున్నారు. స్త్రీలును ఉన్నారు, పురుషులును ఉన్నారు. మేము బెంచీమీద కూర్చుండి లెక్క కట్టితిమి. ఆరు నాణెములు. ఒక సంచిలో చేయిపెట్టినవాడు ఒకడై యుండును; పోనిండు, ఇద్దరనుకొందము. మిగిలిన పదునారుగురి సంగతి ఏమి? ఆ 18 మందిలో అసలు దొంగయే లేకపోవచ్చును. అయినను వారి పేర్లు ఆ బురదలో పదహారు వందల యేండ్లు పడియుండి, ఇప్పుడు పైకి వచ్చి పుస్తకములలో అచ్చై యున్నవి. నాణెములు పోయినవాని బాధ ఎప్పుడో తీరిపోయెను. పేర్లు మాత్రము నిలిచియున్నవి.

ఇక మేము వెనుకాడిన సంగతి చెప్పవలెను.

సుమారు 30 యేండ్ల క్రిందట మేము ఒక గ్రామ సంఘమునకు కాపరిగా నుంటిమి. నాలుగు పల్లెలు తిరుగుటకు మాకు ఒక సైకిలు ఉండెను. ఒక రాత్రి ప్రార్థన ముగించుకొని బయటికి వచ్చి చూడగా గోడకు ఆనించిన సైకిలు లేదు. ఊరివారు వచ్చి, ప్రక్క ఊరిలో అంజనము వేయు ఒకడున్నాడు, పిలిపింతుమా అని అడిగిరి. మేము వారిని గద్దించితిమి. మరుసటి ఆదివారము ఆ విషయమే తీసికొని ముప్పావు గంట ప్రసంగించితిమి. మంచి ప్రసంగమని పెద్దలు మెచ్చుకొనిరి కూడ. ఆ రాత్రియే ఇంటికి పోయి, కానుకల లెక్క పుస్తకము చివరి పుటలో అయిదు పేర్లు వ్రాసికొంటిమి. ఆ అయిదుగురిలో సొంత సైకిలు గలవాడు ఒక్కడును లేడు. మేము చూచుకొన్న ఆధారమంతయు అదియే.

హెడ్ కానిస్టేబులు వచ్చి, ఎవరిమీదనైనా అనుమానమున్నదా అని అడిగెను. పై పేరు చెప్పితిమి. పందొమ్మిది యేండ్లవాడు, కూలిచేసి తల్లిని పోషించుచుండినవాడు. వానిని ఉదయము తీసికొనిపోయి దీపములు పెట్టువేళకు విడిచిపెట్టిరి. కొట్టిరో లేదో మేము అడుగలేదు. అడుగుటకు భయపడితిమనుట నిజము. వానిని విడిచిపెట్టిన మరునాటినుండి వానిని ఎవరును పనికి పిలువలేదు. ఇరువది దినములకు ఆ సైకిలు టవునులో ఒక రిపేరు షాపులో కనబడెను. దానిని అమ్మినవాడు గుడిలో ముందు వరుసలో కూర్చుండు కుటుంబములోనివాడు. వాని పేరు మా పుటలో లేదు. మా తలంపులోనికే రాలేదు.

ఆ యౌవనస్థుని పేరు ఇక్కడ చెప్పము. ఒకసారి చెప్పితిమి, చాలును.

అంజనము వేయువాడైనను తమలపాకులో ఏదో కనబడెనని చెప్పును. మాకు తమలపాకు కూడ అక్కరలేకపోయెను. బాత్ పట్టణములో ఆ బెంచీమీద కూర్చుండినప్పుడు అన్నియానస్‌ను మేము తీర్పుతీర్చలేకపోతిమి. వాడు తన అనుమానమును చుట్టి, ఎవరి కంటను పడకుండ నీళ్లలో వేసెను. మేము మా అనుమానమును ఠాణాలో అప్పగించితిమి.

అయితే పేరు చెప్పుట సర్వదా పాపమా? మేము అట్లు అనము. దొంగను దొంగ అనకపోయినచో గ్రామము నిలువదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయము చదివి చూడుడి. పౌలు చెరసాలలో నున్నాడు, చలికాలము వచ్చుచున్నది. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీ తెమ్మని అడుగుచున్నాడు. ఆ మాట వెంటనే కంచరి అలెక్సంద్రు పేరు ఎత్తి, వాడు తనకు చాల కీడు చేసెననియు, ప్రభువే వానికి తగినది చెల్లించుననియు వ్రాయుచున్నాడు. అంగీయు, కీడును, ప్రతిఫలమును ఒకే చోట! మొదటిసారి చూచువానికి సూలిస్ ఊటలోని రేకు వలెనే కనబడును. కాని పౌలు ఎరిగిన సంగతి ఎరిగినట్లు వ్రాసెను. చేసినవాడు ఫలానా అని కండ్లార చూచినవాడు. తిమోతి జాగ్రత్తపడవలెనని చెప్పెను. చెల్లింపు దేవునికి విడిచెను. నిద్ర పోగొట్టుమని, పిల్లలు లేకుండ చేయుమని అడుగలేదు. మరి రెండు వచనములు దాటగానే, తన మొదటి విచారణనాడు తనను విడిచి వెళ్లినవారి మాట వచ్చును. ఆ దినమున ఎవరెవరు రాలేదో పౌలునకు తెలియకుండునా? వారి పేర్లు మాత్రము వ్రాయక, అది వారిమీద నేరముగా ఎంచబడకుండునుగాక అని ముగించెను.

వస్త్రములు పోగొట్టుకొన్నవారిని తలంచుచుండగా మన ప్రభువే జ్ఞాపకమునకు వచ్చును. లూకా 23వ అధ్యాయము 34వ వచనములో రెండు సంగతులున్నవి. మనము సిలువ ధ్యానములలో మొదటిదానినే బోధించి రెండవదానిని విడిచివేయుదుము. తనను సిలువ వేసినవారిని క్షమించుమని తండ్రిని వేడుకొన్నది మొదటిది. ఆయన బట్టలు చీట్లు వేసి పంచుకొన్నది రెండవది. రెండును ఒకే వచనములో నున్నవి. అక్కడ అనుమానము లేదు, జాబితా అక్కరలేదు. తీసికొనుచున్నవారు కన్నుల ఎదుటనే యున్నారు. పోయిన అంగీని గూర్చి లోకములో వినబడిన మొరలలో అదియు ఒకటి అని మాకు ఆ బెంచీమీదనే మొదటిసారి తోచెను. ఇన్నేండ్లు శుభ శుక్రవారపు ప్రసంగములు చేసియు అంతవరకు మా కంట పడలేదు.

తరువాత దేవాలయములోనికి పోతిమి. ఆ రోమా స్నానశాలనుండి పొర్లిపోవు వేడినీటి వేడిమిని తీసికొని, ఆ దేవాలయపు నేలను క్రిందనుండి వెచ్చచేయుచున్నారట. చెప్పులు విప్పి రాతినేలమీద నిలువవలెనని మా ఇల్లాలికి ఆశ పుట్టెను, ఎవరేమనుకొందురోనని మానుకొనెను. మేము వెనుక వరుసలో కూర్చుంటిమి. ప్రార్థన చేయవలెనని తలవంచితిమి గాని నోటికి మాటలు రాలేదు. ఆ అయిదు పేర్లు వరుసగా జ్ఞాపకమునకు వచ్చినవి, మేము వ్రాసిన వరుసలోనే.

సైకిలు దొరికిన దినములలోనే మేము ఆ తల్లి ఇంటికి పోయి క్షమాపణ అడిగితిమి. ఆమె మంచము వాల్చి, చెంబుతో మజ్జిగ తెచ్చి, "తాగండి అయ్యగారూ, ఎండన పడి వచ్చారు" అనెను. మరి ఏమియు అనలేదు. కుమారుడు అప్పటికే విజయవాడకు పనికి వెళ్లిపోయెను. తల్లిని అడిగితిమి గనుక తీరిపోయినదని అనుకొంటిమి. తరువాత ఆయన పెండ్లికి మేమే ప్రార్థన చేసితిమి, ఆయన బిడ్డలకు మేమే బాప్తిస్మమిచ్చితిమి. ఎదురుపడినప్పుడెల్ల వందనములు చెప్పుకొందుము. ఆ మాట మాత్రము ఆయనతో మేము ఎన్నడును ఎత్తలేదు, ఆయనయు ఎత్తలేదు.

ఇప్పుడు ఆయనకు ఏబది యేండ్లు కావచ్చినవి. ఈ క్రిస్మసునకు పిల్లలతో ఊరికి వచ్చుచున్నాడని తల్లి కబురు పంపినది. మేమును ఆ ఊరికి పోవుచున్నాము.